కిలోకి ఎన్ని మొరుగులు

ఎంత బరువుంటే అంత మొరిగే హక్కు ఉంటుందన్న సంగతి మొదట కనిపెట్టింది మా అపార్ట్‌మెంటు సంఘం. కాకినాడలో ఇన్ని అపార్ట్‌మెంట్లుండగా ఈ ఘనత మా మౌనికా రెసిడెన్సీకే దక్కింది. ఇందులో నా పాత్ర చిన్నదే. భాగహారాలు మాత్రం నేను చేశాను.

మా ప్రెసిడెంటు విశ్వపతి గారు తూనికలు కొలతల శాఖలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన బజారులోకి దిగారంటే కొట్లలో కాటాలు వాటంతటవే సరిగ్గా తూగేవని చెప్పుకునేవారు. రిటైరయ్యాక కూడా దేన్నీ తూచకుండా నమ్మరు. పులుసులో ఉప్పెక్కువైందని ఊరికే అనరు, ఎన్ని గ్రాములు ఎక్కువైందో చెబుతారు. వాళ్లావిడ సుభద్రమ్మ గారు ఇన్నేళ్లు ఆయనతో ఎలా కాపురం చేసుకొచ్చారో ఆ తల్లికే తెలియాలి. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. సంఘంలో భాగహారం వచ్చినవాడు ఒకడుండాలని ఆయన పట్టుబట్టి నన్ను జాయింటు సెక్రటరీని చేశారు.

గొడవంతా సింహంతో మొదలైంది. సింహం మా సెక్రటరీ బుల్లెబ్బాయి గారి కుక్క. ఆయన ఇసుకా కంకరా సప్లై చేస్తారు. కుక్కని కూడా లారీ సైజులోనే చూసి తెచ్చుకున్నారు. అది మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి మొరిగితే కింద స్కూటర్ల అద్దాలు అదురుతాయి. సరిగ్గా దాని కింద అంతస్తులో విశ్వపతి గారు మధ్యాహ్నం భోంచేసి నడుం వాలుస్తారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

ఒకరోజు ఆయనకి ఫోన్లో ఎవరో వీడియో పంపారు. అందులో ఓ కుక్క మెడకి ఎలక్ట్రానిక్ కాలరు ఉంది. కుక్క నోరు విప్పగానే కాలరు దాని మెడకి ఓ షాకు ఇస్తుంది. కుక్క నోరు మూసుకుంటుంది. పక్కన నిలబడ్డ తెల్లాయన చేతులు కట్టుకుని నవ్వుతాడు. అంతే వీడియో. విశ్వపతి గారు దాన్ని గ్రూపులో పెట్టి, ఆ సాయంత్రమే సెల్లారులో మీటింగు వేశారు.

"సభ్యులారా," అన్నారు ఆయన కుర్చీలోంచి లేచి. "ధ్వని కూడా కొలవదగిన పదార్థమే. కొలవదగినదాన్ని నియంత్రించకుండా వదిలేయడం పాలనాపరమైన వైఫల్యం. కావున సదరు కాలర్లను సమకూర్చుకోవడానికి సంఘం ఆమోదం కోరడమైనది."

సింహం పేరు ఆయన ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. బుల్లెబ్బాయి గారు అక్కడే కూర్చున్నారు మరి.

"తెప్పించేద్దారండి," అన్నారు బుల్లెబ్బాయి గారు విశాల హృదయంతో. "నాకేం అబ్యంతరం లేదండి. మా వోడిక్కూడా ఓటి తగిలిద్దాం. రూలంటే అందరికీ రూలే కదండి, ఆయ్."

అందరం చప్పట్లు కొట్టాం. కాలర్లకి మెడ కొలత కావాలి. కొలత తీయాల్సింది సింహానికి. ఎవరు తీస్తారన్నది ప్రశ్న.

"మా వోడు మెడ ముట్టుకోనివ్వడండి," అన్నారు బుల్లెబ్బాయి గారు. "అన్నం తినేటప్పుడు నన్నే గుమ్మంలోకి రానివ్వడు. కుక్క మెడ ఏ కుక్కదైతే ఏటండి? మెడ మెడే. గ్రౌండు ఫ్లోర్లో ఓ కుక్కుంది కదా, దానిది తీసేద్దాం."

అది గుండీ. గుండీ సంగతి చెప్పాలంటే ముందు మంగతాయారు గారి సంగతి చెప్పాలి.

మంగతాయారు గారు లిఫ్టు పక్క ఫ్లాటులో ఉంటారు. జాకెట్లు కుడతారు. ఒంటరి మనిషి, మిషనే ఆధారం. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి వినికిడి పోయింది. మొహంలో మొహం పెట్టి అరిస్తే కాస్త అందుతుంది, మిగిలింది పెదాలు చూసి పట్టేస్తారు. తనకి వినపడదు కనక ఎదుటివాళ్లకీ వినపడదేమోనని గట్టిగా మాట్లాడతారు. ఆవిడ ఇంటికి కాలింగ్ బెల్లుంది. బెల్లుతో పాటు వెలిగే ఎర్ర లైటు కూడా పెట్టించుకున్నారు. కానీ కుట్టేటప్పుడు ఆవిడ చూపు సూది మీద ఉంటుంది, లైటు మీద ఉంటే వేలు కుట్టుకుంటారు.

అందుకని గుండీ. ఓ గుప్పెడు తెల్లబొచ్చు, రెండు నల్లటి కళ్లు, అంతకు మించి అందులో కుక్క తక్కువ. ఎవరైనా బెల్లు కొడితే గుండీ పరిగెత్తుకెళ్లి, మిషను తొక్కే పలక మీద ముందుకాళ్లు పెట్టి, ఆవిడ మొహంలోకి చూస్తూ మొరుగుతుంది. ఆవిడ మిషను ఆపి తలుపు తీస్తారు. పాలు పొంగినా అంతే, కుళాయి వదిలేసినా అంతే. ఊళ్లో ఎంతమంది టైలర్లున్నా మా వీధి ఆడవాళ్లందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. చంకల దగ్గర ముడత రాకుండా కుట్టడం ఆవిడకే చేతనవునని మా ఆవిడ అంటుంది.

గుండీని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మెడలో వేలాడే టేపు తీసి కొలత తీసి, కాగితం మీద రాసిచ్చింది మంగతాయారు గారే.

"ఎందుకండీ ఈ కొలత?" అని అడిగారు.

"కుక్కల సంక్షేమం కోసమండి!" అని అరిచారు బుల్లెబ్బాయి గారు.

"అలాగా! మంచి పని!" అని ఆవిడా అరిచారు.

కాలర్లు వచ్చాయి. పెట్టె విప్పి సింహం దగ్గరికి తీసుకెళ్లారు. ఆ కాలరు సింహం మెడకి కాదు కదా, ముంగాలికి కూడా చాలదు. అది కూడా దూరం నుంచి చూసి వేసిన అంచనాయే. తెచ్చినవి వెనక్కి పంపుదామంటే, వాడకపోయినా సరే, విప్పిన పెట్టె వెనక్కి తీసుకోరట. సంఘం సొమ్ముతో కొన్న వస్తువు సెల్లారులో మూలన పడి ఉంటే జనరల్ బాడీకి ఏం సమాధానం చెప్పాలి? విశ్వపతి గారు ఆ మధ్యాహ్నం పడుకోలేదు. పైన సింహం కూడా పడుకోనివ్వలేదు. సాయంత్రానికి ఆయనకి సిద్ధాంతం తట్టింది.

"మనం ఇంతకాలం మొరుగుని విడిగా చూశాం," అన్నారు కమిటీ ముందు. "అది శాస్త్రీయం కాదు. ఏ పరిమాణాన్నైనా ద్రవ్యరాశితో కలిపి చూడాలి. ఒక కిలో కుక్కకి రోజుకి ఎన్ని మొరుగులు? దానికి మొరుగు సాంద్రత అని నామకరణం చేస్తున్నాను. మేస్టారూ, తమరు భాగహారానికి సిద్ధంగా ఉండండి."

సిద్ధంగానే ఉన్నాను. ఆయన సర్వీసులో ఉన్నప్పటి ముద్ర వేసిన కాటా ఆయన మంచం కింద నుంచి బయటికి వచ్చింది. వాచ్‌మన్ అప్పన్నకి సుద్దముక్క ఇచ్చి, ఏ కుక్క ఎన్నిసార్లు మొరిగితే అన్ని గీతలు గోడ మీద గీయమన్నారు. సింహం రోజుకి వంద మొరిగింది. దాని బరువు యాభై కిలోలు, ఆ అంకె బుల్లెబ్బాయి గారు నోటిమాటగా చెప్పారు. కిలోకి రెండు. గుండీ మొరిగింది ఇరవై. పెళ్లిళ్ల సీజను కదా, జాకెట్లకి వచ్చేవాళ్లు ఎక్కువ. దాని బరువు నాలుగు కిలోలు. కిలోకి ఐదు.

లెక్క తేలగానే అందరం లిఫ్టు వైపు చూశాం. ఇన్నాళ్లూ ఇంత పెద్ద నేరస్థురాల్ని లిఫ్టు పక్కన పెట్టుకుని బతికామా అనిపించింది.

"చూశారా!" అన్నారు విశ్వపతి గారు. "సింహం నిజానికి మితభాషి."

"నేనప్పుడే అనుకున్నానండి," అన్నారు బుల్లెబ్బాయి గారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కిలోకి మూడు మొరుగులు పరిమితి అని తీర్మానమైంది. దాటిన కుక్కకి కాలరు. కాలర్లు చిన్న కుక్కలకే పడతాయి, చిన్న కుక్కలే పరిమితి దాటాయి. ఇంత చక్కగా కుదిరిన నిబంధన తన సర్వీసులో చూడలేదని ప్రెసిడెంటు గారే అన్నారు.

గుండీకి కాలరు కట్టిన రోజు మంగతాయారు గారు అడ్డం చెప్పలేదు. సంక్షేమం అన్నారు కదా. బెల్లు మోగింది. గుండీ పరిగెత్తింది, పలక మీద కాళ్లు పెట్టింది, నోరు తెరిచింది. కెవ్వుమని ఎగిరిపడింది. ఆవిడ ఒంగి చూసేసరికి మంచం కింద ఉంది.

అది మొదటి షాకు. తర్వాత సంగతి ఇంకా చిత్రం. కాలరులో చిన్న చెవి లాంటిదుంటుంది. అది మొరుగు వింటుందే గానీ, ఎవరి మొరుగో దానికి తెలీదు. మూడో అంతస్తు బాల్కనీలో సింహం మొరిగితే, గ్రౌండు ఫ్లోరులో గుండీకి షాకు కొట్టేది. సింహం మరీ హుషారుగా ఉన్న రోజుల్లో గుండీ ఇల్లంతా గింగిరాలు తిరిగేది. సింహం మితభాషే. కిలోకి రెండే. కానీ ఆ వందా గుండీ మెడ మీదే పడేవి.

మంగతాయారు గారు గుండీని చంకలో పెట్టుకుని కమిటీ దగ్గరికొచ్చారు.

"పైనున్నది అరిస్తే నా పిల్లకి కొడతందండీ!" అన్నారు. ఆవిడ గొంతుకి సెల్లారు మార్మోగింది.

విశ్వపతి గారు కళ్లజోడు సర్దుకున్నారు. "సదరు అంశం సంఘం దృష్టికి వచ్చింది. ఇది లోపం కాదు. దీనిని సామూహిక బాధ్యత అంటారు. ఒక ప్రాంగణంలో ఎవరు శబ్దం చేసినా అందరూ బాధ్యత వహించాలి. తమరి కుక్క తన వంతు బాధ్యత వహిస్తోంది."

ఆవిడ ఆయన పెదాలు చూశారు. ఆ మీసాల వెనక ఏం పట్టుకోగలిగారో తెలీదు. నా వైపు తిరిగారు. నేను కాగితం మీద లెక్కలు చూసుకుంటున్నాను.

"అది మొరక్కపోతే నాకు బేరం ఎలా తెలుస్తుందండీ మేస్టారూ? గుమ్మంలోకొచ్చినోళ్లు ఎల్లిపోతన్నారు. పెళ్లి జాకెట్లండీ ఇవి. ఓ సారి ఎల్లిపోయినోళ్లు మళ్లీ రారు."

"తలుపు తీసి పెట్టుకోండి," అన్నారు బుల్లెబ్బాయి గారు.

"గ్రౌండు ఫ్లోరు తలుపులు మూసి ఉంచవలెనని గత ఏడాది తీర్మానం చేశాం," అని గుర్తు చేశారు ప్రెసిడెంటు గారు. "ఎలివేషన్ చూపరులకి ఏకరూపంగా కనిపించే నిమిత్తం."

ఆవిడ వెళ్లిపోయారు. ఆ రోజు మొదలు గుండీ ఇంకో పాఠం నేర్చుకుంది. బెల్లు మోగితే తను మొరుగుతుంది, తను మొరిగితే మెడ మీద పడుతుంది. అందుకని బెల్లు మోగగానే మంచం కిందికి దూరడం మొదలుపెట్టింది. బయట ఆడవాళ్లు బెల్లు కొట్టి కొట్టి, ఇంట్లో లేరు కాబోలని వెళ్లిపోయేవారు. లోపల ఆవిడ మిషను మీద తల ఒంచుకుని, ఇవాళ కూడా ఎవరూ రాలేదేమిటా అనుకుంటూ కూర్చునేవారు. రెండు పెళ్లివారి జాకెట్లు బజారు టైలరు దగ్గరికి పోయాయి. ఆవిడని చూస్తే నాకు అన్నం సహించేది కాదు. ఈ మాట కమిటీలో అనలేదు, కమిటీలో అన్నం సహించకపోవడం చర్చనీయాంశం కాదు.

ఈలోగా నిబంధన తన పని తాను చేసుకుపోతోంది. పోస్టాఫీసులో పనిచేసే రత్నకుమారి గారికి స్నోయీ అని పొమేరియన్ ఉంది. కిలోకి నాలుగు. ఆవిడ తెలివైన మనిషి. మొరుగులు తగ్గించడం కష్టం గానీ కిలోలు పెంచడం తేలికని గ్రహించారు. స్నోయీకి పొద్దున్నే నెయ్యి పోసి పెసరట్టు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం కాజా. కొన్నాళ్లకి దాన్ని ఇద్దరు పట్టుకుని కాటా మీద పెట్టాల్సి వచ్చింది. కిలోకి సరిగ్గా మూడు. కాలరు తీసేశారు. స్నోయీ మెట్లెక్కలేక మెట్ల మీదే కూర్చుని, నిబంధనలకి లోబడి హాయిగా మొరిగేది.

"ఇదే పౌర చైతన్యమంటే," అన్నారు విశ్వపతి గారు.

ఆ తర్వాత రెండో అంతస్తు పళ్ల డాక్టరు గారింట్లో లవ్ బర్డ్స్ ఉన్నాయని తెలిసింది. పంజరాన్ని తూచి, పంజరం బరువు తీసేసి, కిచకిచల్ని బరువుతో భాగించమన్నారు. భాగించాను. కిలోకి కొన్ని వేలు వచ్చాయి. అంత సాంద్రత విశ్వమంతటా ఎక్కడైనా ఉంటుందా అని అనుమానం వచ్చి మళ్లీ చేశాను. వేలే. కానీ నిబంధనలో "కుక్క" అని మాత్రమే ఉంది. ఈ లొసుగు చూసి ప్రెసిడెంటు గారికి ముచ్చెమటలు పోశాయి. వెంటనే సవరణ తెచ్చారు. కుక్క అన్న చోటల్లా "ప్రాంగణములో నివసించు ఏ జీవి అయినను" అని చదువుకోవాలి. కూత, కిచకిచ, మ్యావు, ఏడుపు, వగైరాలన్నీ ఒక్కొక్కటీ ఒక మొరుగుతో సమానం. నోటీసు లిఫ్టు పక్కన అతికించారు. డాక్టరు గారు పిట్టల్ని సామర్లకోటలో బావమరిది ఇంటికి పంపేశారు.

లిఫ్టు పక్కన అతికించారంటే మంగతాయారు గారి గుమ్మానికి ఎదురుగా అన్నమాట. ఆవిడకి బేరాలు లేవు. తీరుబడిగా రోజూ చదివేవారు.

అప్పుడే విశ్వపతి గారి అమ్మాయి శ్రీవల్లిక పురిటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. తాతగారి ఆనందానికి కొలత లేదు, ఆయన జీవితంలో కొలత లేనిది అదొక్కటే. మనవడిని మాత్రం కొలిచారు. పసిబిడ్డని తూచకూడదు దిష్టి తగులుతుందని సుభద్రమ్మ గారు గోల పెడుతున్నా వినకుండా రోజూ పొద్దున్నే ముద్ర కాటా మీద పడుకోబెట్టి, బరువు గ్రూపులో పెట్టేవారు. "నేడు మూడు కిలోలు. నికర బరువు. పక్కబట్ట మినహాయించడమైనది." మేమందరం కింద దండాలు పెట్టేవాళ్లం.

పిల్లాడి గొంతు మహా గట్టిది. వాడు అందుకున్నాడంటే సింహం కూడా ఆగి వినేది. అప్పన్న సుద్దముక్క పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"మేస్టారండీ, ప్రెసిడెంటు గారి మనవడిక్కూడా గీతలు గియ్యాలాండీ? ఏడుపు కూడా ఓ మొరుగేనని నోటీసులో ఉందండీ మరి."

"నోటీసులో ఉంటే గియ్యి," అన్నాను.

బారసాలకి ముందురోజు మంగతాయారు గారు మా ఇంటికొచ్చారు. గుండీని చంకలో పెట్టుకుని కాదు, ఒక్కరే వచ్చారు. ఆవిడ ఒక్కరే నడవడం అదివరకు చూడలేదు నేను.

"మేస్టారూ, ఓ చిన్న భాగారం చేసి పెట్టండి. గోడ మీద ముప్పై గీతలున్నాయి. బరువు మూడు కిలోలు."

ఎవరిదని అడగలేదు. భాగహారం ఎవరడిగినా చేయడం లెక్కల మేస్టారి ధర్మం. కిలోకి పది అని రాసిచ్చాను. ఆవిడ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నారు. మా ఆవిడ నా వైపు చూసి, గుండీకి కాలరు కట్టాక మొదటిసారి, కాఫీ కావాలా అని అడిగింది.

బారసాల ఘనంగా జరిగింది. హాల్లో ఊయల కట్టారు. బుల్లెబ్బాయి గారు సింహాన్ని పైన ఇంట్లోనే ఉంచి వచ్చి లడ్డూలు పంచుతున్నారు. పేరంటాళ్లంతా పిల్లాడి చేతిలో ఏదో ఒకటి పెడుతున్నారు. మంగతాయారు గారు తను కుట్టిన పట్టు చొక్కా, టోపీ తెచ్చి సుభద్రమ్మ గారి చేతికిచ్చారు. బ్రహ్మాండంగా ఉన్నాయి. తర్వాత ఊయల దగ్గరికెళ్లి ఒంగి, మెడలోంచి టేపు తీశారు. బాబు మెడ చుట్టూ మెల్లిగా తిప్పారు.

"మెడ కొలతెందుకమ్మా? చొక్కా కుట్టేశావుగా?" అంది శ్రీవల్లిక దగ్గరికొచ్చి, పెదాలు కనబడేలా.

"చొక్కాకి కాదమ్మా! కాలరుకి!"

ఆవిడ మామూలుగానే మాట్లాడారు. అంటే హాలంతా వినపడింది. లడ్డూల పళ్లెం ఆగిపోయింది.

"కిలోకి పదమ్మా బాబు. పరిమితి మూడు. మేస్టారే లెక్క కట్టేరు. కుక్క మెడ కొలత నేనే ఇచ్చేను కదా, బాబుది కూడా నేనిస్తేనే బాగుంటదని వచ్చేను. ఎవరి మెడో కొలిచి తెప్పిస్తే పట్టవండీ అవి."

"ఏం మాట్లాడుతున్నారు మీరు!" అన్నారు విశ్వపతి గారు. ఆయన గొంతు అలా సన్నబడగా మేమెప్పుడూ వినలేదు. "పసివాడండీ! వాడు... వాడికి మాటలు రావు. ఆకలేసినా నొప్పేసినా ఏడవడం తప్ప ఇంకెలా చెబుతాడు?"

మంగతాయారు గారు ఆయన పెదాల మీంచి చూపు తిప్పలేదు. ఈసారి ప్రతి మాటా పట్టుకున్నారు.

"మరేనండి," అన్నారు. "నా పిల్లకీ మాటలు రావండి. నోటీసులో ఏ జీవి అయినా అని ఉంది. నాకు చెవుల్లేవు గానండీ, కళ్లున్నాయి. చదివేను."

శ్రీవల్లిక పిల్లాడిని లాక్కుని గుండెలకి హత్తుకుంది. వాడు అందుకున్నాడు. పైనుంచి సింహం బదులిచ్చింది. అదే క్షణంలో కింద, మూసిన తలుపు వెనక, గుండీ కెవ్వుమంది. కిటికీలోంచి ఆ కేక అందరికీ వినపడింది, మంగతాయారు గారికి తప్ప. కానీ మా మొహాలు చూసి ఆవిడ గ్రహించారు. టేపు చుట్టి మళ్లీ మెడలో వేసుకున్నారు.

"ఏవండీ," అన్నారు సుభద్రమ్మ గారు. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ మొగుడితో నలుగురిలో మాట్లాడటం అదే మొదలు. "కిందికెళ్లి ఆ కుక్క మెడలోది తీసేసి రండి. మీరే తీయండి. తీసేదాకా ఈ ఇంట్లో మీకు భోజనం లేదు. తూచి చెబుతున్నాను."

ఆయన వెళ్లారు. స్వహస్తాలతో తీశారు. అలాగని సర్కారు ఉద్యోగం చేసినవాడు నిబంధన రద్దు చేయడు. మర్నాడు నోటీసు వచ్చింది. "నిబంధన యథాతథంగా కొనసాగును. నిబంధన అమలును మాత్రము అమలు నుండి మినహాయించడమైనది." కాలర్లన్నీ పెట్టెలో పెట్టి సెల్లారులో మూలన పెట్టారు. మొదటే పెట్టి ఉంటే సరిపోయేది.

కథ ఇక్కడితో సుఖాంతమని మేమందరం అనుకున్నాం. గుండీకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మెడలో ఏమీ లేకపోయినా బెల్లు మోగితే మంచం కిందికే పోయేది. పాలు పొంగిపోయేవి. కుళాయి పారి నీళ్లు లిఫ్టు దాకా వచ్చేవి. మంగతాయారు గారు కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని, మొహంలో మొహం పెట్టి, "ఒక్కసారి అరువమ్మా, ఏం చెయ్యరు" అని బతిమాలేవారు. అది తోక ఊపేది. నోరు తెరిచేది కాదు. వార్షికోత్సవానికి కమిటీ దానికి ప్రశంసాపత్రం ఇచ్చింది. మొరుగు సాంద్రత, కిలోకి సున్నా. ప్రాంగణంలో అత్యంత క్రమశిక్షణ గల జీవి. ఆవిడ ఆ పత్రం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, మిషను ఊగకుండా దాని కాలి కింద పెట్టుకున్నారు.

మొన్న మా ఆవిడ జాకెట్టు గుడ్డ ఇచ్చి నన్ను పంపింది. బెల్లు కొట్టాను. లోపల మిషను చప్పుడు ఆగలేదు. మళ్లీ కొట్టాను. కిటికీ తెర పక్కనుంచి చూస్తే మంచం కింద రెండు నల్లటి కళ్లు కనిపించాయి. నన్నే చూస్తున్నాయి. నేను ఊళ్లో ఇంత మందికి పాఠం చెప్పినవాణ్ణి. ఒకటికి రెండుసార్లు చేసి చూపిస్తే ఎంత మొద్దుకైనా వస్తుందని నా అనుభవం.

అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు. కిటికీ దగ్గర ఒంగుని, "భౌ" అన్నాను.

కళ్లు కదిలాయి. "భౌ, భౌ," అన్నాను, ఈసారి కాస్త కడుపులోంచి. గుండీ మంచం కింద నుంచి సగం బయటికొచ్చింది. చుట్టూ చూసింది. నాకేమైనా అవుతుందేమోనని కాసేపు ఆగింది. ఏమీ కాలేదు. అప్పుడు వెళ్లి పలక మీద కాళ్లు పెట్టి, ఎప్పుడో మర్చిపోయిన పని గుర్తు తెచ్చుకుంటున్నట్టు, చిన్నగా, బొంగురుగా, ఒక్కటి వేసింది.

మిషను ఆగింది. మంగతాయారు గారు దాన్ని ఎత్తుకున్నారు. తలుపు తీసేసరికి ఆవిడ మొహమంతా తడిగా ఉంది.

"అరిచిందండీ మేస్టారూ!" అని అరిచారు. వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. "చూసేరా, అరిచింది! లోపలికి రండి, ఏం జాకెట్టు, ఎవరికి?"

గుడ్డ ఆవిడ చేతిలో పెట్టాను. అంతలో వెనక లిఫ్టు తెరుచుకుంది. విశ్వపతి గారు. చేతిలో కాటా.

"మొరిగింది మీరేనా?" అన్నారు.

"నేనేనండి."

"ఎన్ని?"

"మూడండి."

ఆయన కాటా నేల మీద పెట్టి, ఎక్కమన్నారు. ఎక్కాను. ఎనభై కిలోలు. ఆయన మనసులోనే భాగించారు. పరిమితితో పోల్చి చూసుకున్నారు. తర్వాత నా వైపు చూసిన చూపులో, బుల్లెబ్బాయి గారి వైపు చూసేటప్పుడు ఉండే గౌరవం కనిపించింది.

"మేస్టారూ, తమరికి రోజుకి రెండు వందల నలభై దాకా అర్హత ఉంది," అన్నారు. "నిరభ్యంతరంగా కానివ్వండి."

ఇప్పుడు రోజూ కాలేజీ నుంచి వస్తూ ఆ గుమ్మం దగ్గర ఆగి నాలుగైదు వాడుతున్నాను. గుండీ బదులిస్తోంది, కానీ ఇంకా ధైర్యం చాలదు. నా దగ్గర మాత్రం చాలా మిగిలిపోతున్నాయి. ఆ మిగిలినవి, రోజుకి పన్నెండుకే అర్హత ఉన్న గుండీ పేరు మీదికి మార్చవలసిందిగా కమిటీకి అర్జీ పెట్టుకున్నాను. పరిశీలనలో ఉందని చెప్పారు.